మెరికల సేన: బల్ల మీది యుద్ధంపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే కోరిక కనిపించింది. గుంపుగా వచ్చే గాబ్లిన్ల సేన కాదు, పట్టుమని నాలుగు దళాలే ఉన్నా ఒక్కొక్కడూ పదిమంది పెట్టు అనిపించే కాలిబంట్ల సేన కట్టాలని. ఆడుతున్నది ఎక్కువమంది కింగ్స్ ఆఫ్ వార్ అనే బొమ్మల యుద్ధపు ఆట కాబట్టి జవాబులన్నీ ఆ ఆటకే చెబుతున్నాం. అంకెలు మూడో ఎడిషన్‌వి. మీ దగ్గరున్నది కొత్త పుస్తకమైతే దానితో సరిచూసుకోండి. కొత్తగా చదివేవారి కోసం ఒక్క మాట: ఈ ఆటలో కాలిబంట్ల ట్రూప్ అంటే 10 బొమ్మలు, రెజిమెంట్ అంటే 20, హోర్డ్ అంటే 40. దెబ్బ తగిలితే బొమ్మను తీసేయరు, దళం పక్కన అంకె వేసుకుంటారు. అందుకే దళమంతా ఒకే పలక మీద అంటించుకోవచ్చు.

ప్రశ్న: నా సేనలో నాలుగు ఎలైట్ రెజిమెంట్లు, ఒక నాయకుడు, అంతే. మా తమ్ముడు చవక దళాలు తొమ్మిది దింపుతాడు. ఎదురుపడ్డ ప్రతిసారీ నాదే పైచేయి. ఆట అయ్యేసరికి మాత్రం ఓడిపోతున్నాను. ఎక్కడ తప్పు జరుగుతోంది? (ఒక పాఠకుడు, భీమవరం)

మీ దళాల్లో లోపం లేదు, దళాల సంఖ్యలోనే ఉంది. కాగితం మీద లెక్క వేస్తే విషయం తేలిపోతుంది.

మీ రెజిమెంట్‌కు 15 దెబ్బలు (అన్ని పాచికలు), 3+ మీద (పాచికలో 3 గానీ ఆపైన గానీ పడితే) తగులుతాయి, క్రషింగ్ స్ట్రెంత్ (కవచాన్ని ఛేదించే బలం) 1 ఉందనుకుందాం. అవతలి దళం డిఫెన్స్ 4+, అంటే తగిలిన దెబ్బ గాయం కావాలంటే 4 గానీ ఆపైన గానీ పడాలి. మీ బలం వల్ల అది 3+ అవుతుంది. 15లో 10 తగులుతాయి, ఆ పదిలో 6 లేదా 7 గాయాలవుతాయి. అవతలి రెజిమెంట్ నెర్వ్ (నిలదొక్కుకునే ధైర్యం) 14/16 అనుకోండి: గాయాలూ పాచికలూ కలిపి 14కు చేరితే డీలాపడుతుంది, 16కు చేరితే పారిపోతుంది. 7 గాయాలకు రెండు పాచికలు కలిపితే మొత్తం 16 అందుకోవాలంటే పాచికల్లో 9 గానీ ఆపైన గానీ పడాలి. 36 సార్లలో అది 10 సార్లే పడుతుంది. పైగా 6 అంగుళాల లోపు అవతలివాడి ఇన్‌స్పైరింగ్ నాయకుడు ఉంటే పారిపోయే ఫలితాన్ని మళ్లీ వేయించుకుంటాడు. అప్పుడు మీ అవకాశం సుమారు పదమూడింట ఒకటి. అంటే మీ మెరికలు ముందు నుంచి కొడితే అవతలివాడు డీలాపడవచ్చు గానీ ఒక్క టర్న్‌లో పారిపోవడం అరుదు. ఆ టర్న్‌లోపు మీ తమ్ముడి మిగతా దళాలు మీ పక్కలకు చేరిపోతాయి.

ఇప్పుడు అదే రెజిమెంట్ పక్క నుంచి కొడితే దెబ్బలు రెట్టింపు, 30. గాయాలు 13 దాకా. 16 అందుకోవడానికి పాచికల్లో 3 పడితే చాలు, 36లో 35 సార్లు పడుతుంది. వెనక నుంచైతే మూడింతలు. కాబట్టి ఎంత గట్టి దళమన్నది రెండో మాట, ఏ ముఖం మీద కొడుతోందన్నదే మొదటి మాట. అవతలివాడికీ ఇదే లెక్క. 12 దెబ్బల మామూలు రెజిమెంట్ 4+ మీద కొడుతూ మీ డిఫెన్స్ 5+ మీద ముందు నుంచి చేసేది రెండు గాయాలు. అదే వెనక నుంచైతే ఆరు. అంత గాయపడిన దళాన్ని తర్వాతి టర్న్‌లో ఎవరైనా తోసెయ్యవచ్చు.

నాలుగు ఎలైట్ రెజిమెంట్లలో రెండు తీసెయ్యండి. ఆ పాయింట్లతో (ఆటలో దళాలకుండే ధర) రెండు చవక ట్రూప్‌లు, ఒక మామూలు రెజిమెంట్ కొనండి. ఎలైట్ మీద సగం పాయింట్లకు మించి పెట్టకూడదన్నది మా అభిప్రాయం. ఆ సగం పని చేయాలంటే మిగతా సగం కాపు కాయాలి. రెజిమెంట్లు తలా రెండు ట్రూప్‌లను, ఒక నాయకుణ్ణో రాక్షసినో యుద్ధయంత్రాన్నో సేనలోకి తెచ్చుకునే హక్కు ఇస్తాయి కాబట్టి నిబంధనల అడ్డూ ఉండదు.

ట్రూప్‌ను ఎలా వాడాలో చాలామందికి తెలియదు. ట్రూప్ ముందు వరుసలోనూ 5 బొమ్మలే, రెజిమెంట్ ముందు వరుసలోనూ 5 బొమ్మలే. వెడల్పు ఒకటే. అందుకే ఒక ట్రూప్ ఒక రెజిమెంట్‌ను పూర్తిగా కప్పేస్తుంది. దాన్ని మీ మెరికల ముందు 4, 5 అంగుళాల దూరంలో నిలబెట్టండి. శత్రువు దాన్ని కొట్టి చెదరగొడతాడు. ఆ తర్వాత ఉన్నచోటే ఉండవచ్చు, తిరగవచ్చు, ఒక పాచిక వేసి వచ్చినన్ని అంగుళాలు ముందుకు రావచ్చు. ఈ మూడింటిలో ఏది చేసినా మీ రెజిమెంట్ ఛార్జ్ (మీదికి దూకే) దూరంలోనే ఉంటాడు. ఛార్జ్ దూరం వేగానికి రెట్టింపు: మరుగుజ్జు వీరులకు వేగం 4, అంటే 8 అంగుళాలు. మనుషులకు 10, ఎల్ఫులకు 12. మరుగుజ్జుల సేనకు ట్రూప్‌ను మరీ ముందుకు పంపితే మీ 8 అంగుళాలు అందవు, అది వృథాగా పోతుంది. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు.

పక్క మీద దాడి అని లెక్కలోకి రావాలంటే ఛార్జ్ మొదలయ్యేటప్పుడే మీ దళం ముందంచు నడిమి బిందువు అవతలి దళం పక్క కోణంలో ఉండాలి. కోణాలు మూలల నుంచి 45 డిగ్రీల్లో గీస్తారు. చివర్లో వంకరగా తిరిగి పక్కను తాకినా అది ముందు దాడే. ఈ ఒక్క విషయం మీద ఇళ్లల్లో ఎన్ని తగాదాలో! ఆట మొదలెట్టే ముందే మీ తమ్ముడితో మాట్లాడుకోండి.

ప్రశ్న: మొదటి సేన కట్టాలి. డబ్బు తక్కువ. ఎన్ని బొమ్మలు కొనాలి? (ఒక విద్యార్థి, అమలాపురం)

రెండు ఎలైట్ రెజిమెంట్లు, ఒక మామూలు రెజిమెంట్, రెండు ట్రూప్‌లు, జెండాతో ఒక నాయకుడు. లెక్క ప్రకారం 81 బొమ్మలు. అన్నీ అక్కర్లేదు. పలక కొలత సరిగా ఉంటే రెజిమెంట్‌కు 15, ట్రూప్‌కు 8 పెట్టినా నిండుగానే కనిపిస్తుంది, నిబంధనకూ లోటు లేదు. అలా 62తో సరిపోతుంది. ఎలైట్ దళాలకు 15 పెట్టడమే నయం కూడా. బరువైన కవచాలు, పెద్ద గొడ్డళ్లు, విప్పుకున్న ఉత్తరీయాలు ఉన్న బొమ్మలు 20 మిల్లీమీటర్ల చోటులో ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి.

మనుషులు, ఎల్ఫులు, మరుగుజ్జులకు ఒక్కో బొమ్మకు 20 మి.మీ. చోటు, రెజిమెంట్ పలక 100 × 80 మి.మీ. ఓర్క్‌లకు 25 మి.మీ., పలక 125 × 100. ఒక హెచ్చరిక: 2024లో వచ్చిన వార్‌హామర్ ది ఓల్డ్ వరల్డ్‌లో మనుషులకు కూడా 25 మి.మీ. బేసులే (బొమ్మ అడుగు పీఠాలు). రెండూ ఆడాలనుకుంటే బొమ్మలను పలకకు శాశ్వతంగా అంటించకండి. అంటించిన తర్వాత ఊడబీకితే చీలమండలు విరుగుతాయి.

అంటించే ముందు పోస్టర్లు అతికించే మెత్తటి ముద్దతో బొమ్మలన్నీ పలక మీద తాత్కాలికంగా నిలబెట్టి చూడండి. ముందు వరుసలో 5, తర్వాత 4, 3, 3. చేతులు చాచి, అరుస్తూ ఉన్నవి ముందుకు. ఈటె నిటారుగా పట్టుకున్నవి వెనక్కి. ముందంచు దాటి కత్తులు బయటికి పొడుచుకొస్తే అవతలి దళం ఆనించడానికి వీలుండదు. మొదటి వరుసను పలక అంచుకు 5 మి.మీ. లోపలికి జరపండి.

ప్రశ్న: ఆగస్టులో నల్ల ప్రైమర్ (రంగులకు ముందు వేసే అడుగు పూత) స్ప్రే చేశాను. కవచాల మీద సన్నటి ఇసుక చల్లినట్టు గరుకుగా తేలింది. డబ్బా పాతదంటారా? (నరసాపురం)

డబ్బాను తప్పు పట్టకండి. ముసురు రోజుల్లో మన డెల్టా గాలిలో తేమ అంత ఉంటుంది. స్ప్రే నుంచి వచ్చిన తుంపర ఆరేలోగా తేమను పట్టుకుంటుంది, లేదా దూరం ఎక్కువై దారిలోనే సగం ఆరి పొడిలా వచ్చి వాలుతుంది. రెండింటికీ ఫలితం ఒకటే, గోటితో గీస్తే రాలే గరుకు.

ఇప్పుడున్నదాన్ని మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో పొడిగా రుద్ది చూడండి. పైపైన ఉన్న పొడి మాత్రమే అయితే పోతుంది. పోకపోతే, ప్లాస్టిక్ బొమ్మలైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని గంటలు నానబెట్టి బ్రష్‌తో తోమండి. చేతులకు తొడుగులు, గది కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా. గోళ్ల రంగు తుడిచే ద్రవం, పెయింట్ థిన్నర్ మాత్రం వద్దు, ఆ బొమ్మల ప్లాస్టిక్ అయిన పాలీస్టైరిన్‌ను కరిగించేస్తాయి. రెజిన్ బొమ్మలను ఆల్కహాల్‌లో ఎక్కువసేపు ఉంచినా మెత్తబడతాయి.

ఇకముందుకు: జూన్ నుంచి నవంబర్ దాకా స్ప్రే మాట మరిచిపోయి బ్రష్‌తో పూసే ప్రైమర్ వాడండి. పల్చగా రెండు పూతలు. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది, ఆపైన ఒక రోజంతా వదిలెయ్యండి. చలికాలంలో స్ప్రే చేసినా పొద్దున్నే వద్దు. కాలువల మీద మంచు విడిచి, ఎండ వచ్చాక పది గంటల నుంచి మూడు దాకా మంచి వేళ. గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కొనుక్కుంటే 70 శాతం దాటిన రోజు డబ్బా ముట్టుకోకుండా ఆగవచ్చు. ముందు ఐస్‌క్రీం పుల్ల మీద కొట్టి, ఆరాక వేలితో రుద్ది, నున్నగా ఉంటేనే బొమ్మల మీదికి వెళ్లండి. దూరం 20 నుంచి 25 సెంటీమీటర్లు.

చివర్లో కొట్టే మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్‌కు ఇదే జబ్బు. నెలల తరబడి వేసిన రంగు మీద తెల్లటి మబ్బు పట్టేస్తుంది. దానికైతే అసలు స్ప్రే వద్దంటాం, సంవత్సరం పొడుగునా బ్రష్‌తోనే పూయండి. ఇప్పటికే మబ్బు పట్టిన బొమ్మ మీద గ్లాసీ (మెరిసే) వార్నిష్ ఒక పూత బ్రష్‌తో వేసి చూడండి, చాలాసార్లు విచ్చుతుంది. ఆరాక దాని మీద మ్యాట్.

ప్రశ్న: బేసుల మీద ఇసుక, కొబ్బరి పొట్టు వేశాను. రెండు నెలలకు పలక వంగింది, ఒక మూల బూజు కూడా వచ్చింది. (రాజోలు)

రెండు వేర్వేరు తప్పులు. వంగడానికి కారణం ఎం.డి.ఎఫ్. (చెక్కపొడి నొక్కి చేసిన) పలక ఒక్క వైపే తడవడం. పైన నీళ్ల ఫెవికాల్ పూస్తే ఆ వైపు ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. 3 మి.మీ. పలక తీసుకుని, పని మొదలెట్టే ముందే పైనా కిందా నాలుగు అంచులూ పాత అక్రిలిక్ రంగేదైనా పూసి ఆరబెట్టండి. అంచులు మరవకండి, తేమ ఎక్కువగా లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. వంగిన పలకకు వెనక వైపు తడిగుడ్డతో అద్ది, రెండు పుస్తకాల మధ్య ప్లాస్టిక్ కాగితం పెట్టి రాత్రంతా బరువు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. బొమ్మలు అంటించేసి ఉంటే బరువు బొమ్మల మీద కాకుండా అంచుల మీదే పడేలా చూడండి.

బూజు పొట్టు వల్ల. కొబ్బరి పొట్టు తేమ పీల్చుకునే సరుకు, నర్సరీల్లో వాడేది అందుకే. అయినా మానుకోమని చెప్పం, తడి నేలలాంటి రంగు, గరుకుతనం దానికున్నట్టు కొన్న పొడులకు ఉండవు. పొట్టును రెండు మూడు రోజులు గట్టి ఎండలో పలచగా పరిచి, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలేదాకా ఎండబెట్టండి. అంటించాక ఫెవికాల్, నీళ్లు సగం సగం కలిపి, ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి, డ్రాపర్‌తో చుక్కలు చుక్కలుగా వదలండి. సబ్బు చుక్క లేకపోతే ఆ నీళ్లు పొట్టు మీద ముత్యాల్లా నిలబడిపోతాయి గానీ లోపలికి దిగవు. పూర్తిగా ఆరాక మొత్తానికి ముదురు గోధుమ రంగు పూస్తే గాలి తేమ అంత తేలిగ్గా అందదు.

ఇసుక ఎక్కడిదో మీరు రాయలేదు గానీ రాజోలు నుంచి రాశారు కాబట్టి అడుగుతున్నాం: సముద్రపు ఒడ్డు ఇసుక కాదు కదా? అందులోని ఉప్పు తేమను లాగి, రంగును పొట్టులా లేపుతుంది. లంకల్లో దొరికే గోదావరి ఇసుక తెచ్చుకోండి. దాన్నీ నాలుగు నీళ్లు కడిగి, ఎండబెట్టి, ముందు పిండి జల్లెడ, తర్వాత టీ వడపోసే జాలీతో జల్లించండి. జాలీలోంచి దిగిన మెత్తటిది నేలకు. జాలీలో మిగిలింది రాళ్లకు, పలకకు ఓ ఏడెనిమిది చాలు. 28 మి.మీ. బొమ్మ పక్కన మామూలు ఇసుక రేణువు గులకరాయంత కనిపిస్తుంది. అందుకే ఇన్ని జల్లెడలు.

ఎండిన గడ్డికి కొబ్బరి పీచు. ఓ పాతిక పోగులు కలిపి, ఒక కొసన ఫెవికాల్‌లో ముంచి, పలకలో సూదితో చేసిన కంతలో గుచ్చి, ఆరాక 6, 7 మి.మీ. ఎత్తున కత్తిరించండి. కత్తెర నిలువుగా పట్టుకుని ఎగుడుదిగుడుగా కోయాలి. అడ్డంగా కోస్తే చీపురు కట్టలా ఉంటుంది.

ప్రశ్న: మామూలు దళానికీ ఎలైట్ దళానికీ రంగుల్లో తేడా ఎలా చూపించాలి? అందరికీ అంత శ్రద్ధగా వెయ్యాలంటే ఏడాది పట్టేలా ఉంది. (తణుకు)

అందరికీ వెయ్యకండి. బొమ్మల కొలువులో చూసేవాళ్ల కళ్లు ముందు మెట్టు మీదే ఆగినట్టు ఇక్కడా ముందు వరుసే కళ్లకు అందేది. ఆ 5 బొమ్మలకూ జెండాకూ సగం సమయం ఇవ్వండి. వెనక 10 బొమ్మలకు మూల రంగు, వాష్ (మడతల్లోకి దిగే పల్చటి ముదురు రంగు), ఒక్క వెలుగు పూత చాలు.

తేడా చూపడానికి కొత్త రంగులు కలపనక్కర్లేదు. సేనంతటికీ ఒకే ఎరుపు, ఒకే ఉక్కు రంగు. ఎలైట్ దళానికి మాత్రం డాలు అంచుకు బంగారు గీత, శిరస్త్రాణానికి తెల్ల కుచ్చు. ఆ రెండూ ఇంకే దళానికీ వెయ్యకండి. ఆరడుగుల బల్ల అవతల నిలబడ్డవాడికి కూడా ఏది మెరికల దళమో తెలిసిపోతుంది.

కవచానికి నల్ల ప్రైమర్ మీద ఉక్కు రంగు. బ్రష్‌ను కాగితం మీద తుడిచి, రంగు దాదాపు లేనట్టు అనిపించాక పై నుంచి కిందికి మాత్రమే తగిలీ తగలనట్టు రుద్దండి. కింద నుంచి పైకి రుద్దితే నీడల్లోకీ వెండి వెళ్లిపోతుంది. ఆపైన నలుపు, గోధుమ కలిసిన వాష్. పొడి గాలిలో అరగంటలో ఆరేది మనకు ఉక్కపోత రోజుల్లో గంట, గంటన్నర పడుతుంది. ఆరిందనుకుని వెలుగు పూత వేస్తే బురదలా కలిసిపోతుంది. మోకాలు, భుజం పలకల కింద వాష్ మడుగు కడితే శుభ్రమైన తడి బ్రష్ కొస ఆనించండి, అదే పీల్చుకుంటుంది. చివర్లో వెండి రంగు భుజం పలక పై అంచు మీద, ముక్కు కవచం మీద, కత్తి వాదర మీద, మూడు చోట్లే.

డాలు అంచుకు గీత గీసేటప్పుడు బ్రష్ కొసతో గీయకండి, చెయ్యి వణుకుతుంది. బ్రష్‌ను పక్కకు వాల్చి, వెంట్రుకల పక్క భాగాన్ని అంచుకు ఆనించి, డాలునే తిప్పండి. గీత దానంతటదే సమంగా వస్తుంది.

ప్రశ్న: మన ఊళ్లలాగే కాలువలు, పొలం గట్లు, కొబ్బరి తోటలతో యుద్ధభూమి చేశాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ ఎలైట్ సేన ఉన్నవాళ్లు ఆడనంటున్నారు. (రామచంద్రపురం)

వాళ్ల బాధలో న్యాయం ఉంది. తోట దుర్గమ నేల, గట్టు అడ్డంకి. వాటి మీదుగా ఛార్జ్ చేస్తే తగలడంలో ఒకటి తగ్గుతుంది. పై లెక్కలోని రెజిమెంట్‌కు 3+ పోయి 4+ వస్తే 6, 7 గాయాలు కాస్తా 5 అవుతాయి. దళాలు తక్కువున్నవాడికి ఆ లోటు పూడ్చే ఇంకో దళం ఉండదు.

6 × 4 అడుగుల బల్ల మీద గట్లను నిడివిగా ఒక చివరి నుంచి ఇంకో చివరికి పరచకండి. 6 అంగుళాల ముక్కలుగా చేసి, మధ్య మధ్య కనీసం 10 అంగుళాల ఖాళీ వదలండి. రెండు రెజిమెంట్లు పక్కపక్కన దాదాపు 8 అంగుళాల చోటు తీసుకుంటాయి కాబట్టి అంత కావాలి. కాలువ వేస్తే రెండు వంతెనలైనా ఉండాలి, ఒక్క వంతెన ఉంటే ఆటంతా అక్కడే గడ్డకట్టుకుపోతుంది. తోటలను బల్ల నడిమిలో కాకుండా రెండు పక్కలకు జరిపితే ఎలైట్ సేనకు అవే పక్క కాపు: తోట అంచుకు దళాన్ని ఆనించి నిలిపితే ఆ పక్కకు రావాలనుకున్నవాడు చెట్లలోంచే రావాలి, దెబ్బ తగ్గించుకునే రావాలి. ఈ మార్పు చేసి మళ్లీ పిలవండి, వాళ్లు వస్తారు.

ప్రశ్న: బొమ్మలను బండి మీద కాకినాడ తీసుకెళ్లాలి. (యానాం)

పలక అడుగున రబ్బరు అయస్కాంతపు షీటు అంటించి, బిస్కెట్ల రేకు డబ్బాలో నిలబెట్టండి. లోహపు బొమ్మల దళమైతే షీటు ఒక్కటే ఆగదు, నాలుగు మూలల్లో చిన్న నియోడిమియం అయస్కాంతపు బిళ్లలు పొదగండి. అడుగున ఇనుప వాషర్లు మాత్రం వద్దు, మన ఉప్పుగాలికి తుప్పు పట్టి పలకకు మరకలు దిగుతాయి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు రెండు పడెయ్యండి. ఫెవిక్విక్ ట్యూబుకూ అదే: మూత బిగించిన సీసాలో సిలికా జెల్‌తో ఉంచకపోతే ఇక్కడి తేమకు వారంలో గట్టిపడుతుంది.

ప్రశ్న: రెజిన్‌లో ప్రింట్ చేయించిన బొమ్మల ఈటెలు ముట్టుకుంటే విరుగుతున్నాయి. (పాలకొల్లు)

సన్నటి ఈటెను రెజిన్‌తో ప్రింట్ చేస్తే అంతే, అతిగా యూవీ కింద ఉంచితే ఇంకా పెళుసవుతుంది. విరిగినవాటిని అతికించకండి, మళ్లీ అక్కడే విరుగుతాయి. పిడికిలి పైనా కిందా మిగిలిన ముక్కలను కోసేసి, పిడికిలిలో 1 మి.మీ. చేతి డ్రిల్‌తో కంత చేయండి. వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ, సగం పై నుంచి, సగం కింద నుంచి. ఒక్క వైపు నుంచే దూరిస్తే మొన పక్కకు జారి వేళ్లు పగులుతాయి.

కొత్త ఈటెకు ఇత్తడి తీగ మేలు, తుప్పు పట్టదు. అది దొరకకపోతే మీ పెరట్లోనే ఉంది: కొబ్బరి ఈనెపుల్ల. బాగా ఎండినది, కొస వైపు 1 మి.మీ. మందం ఉన్న భాగం, 55 మి.మీ. పొడవు. వంకర లేని పుల్ల కోసం చీపురంతా వెతకాల్సి వస్తుంది, ఓపిక పట్టండి. సన్నటి ఎమరీ కాగితంతో ఒకసారి లాగి, పల్చటి ఫెవిక్విక్ ఒక చుక్క పొడవునా పాకనివ్వండి. పుల్ల దాన్ని పీల్చుకుని తీగలా గట్టిపడుతుంది. మొనకు పాత ఈటె తలనే కోసి అతికించండి, లేదా కొసను చాకుతో రెండు వైపులా చెక్కి వెండి రంగు వెయ్యండి. ఆ వరుస వరుసంతా ఒకే ఎత్తున ఉండాలంటే అట్టముక్క మీద ఒక గీత గీసుకుని, ప్రతి పుల్లనూ దాని పక్కన పెట్టి కోయండి.